ఎర్ర డబ్బా వార్నీషు

వైండింగ్ కొట్టు,
జూన్ 6

బావా,

నీ కార్డు అందింది. అచ్చు బాగుంది, అంచులకు బంగారు రంగు కూడా కొట్టించారు. నీ పేరు ముందున్న అక్షరాలూ వెనకున్న అక్షరాలూ చూస్తే మధ్యలో నువ్వు ఊపిరాడక ఎక్కడో నలిగిపోయినట్టున్నావు. మొత్తం కార్డులో నాకు అర్థమైన మాట "పదవీ విరమణ" ఒక్కటే. అంటే మా అక్కకు కష్టకాలం మొదలైందన్నమాట. ఇన్నేళ్లూ పొద్దున తొమ్మిదింటికల్లా నిన్ను ల్యాబుకు తోలేసి హాయిగా ఉంది. ఇక నువ్వు థర్మామీటరు పట్టుకుని వంటింట్లో తిరుగుతావు, టీ ఎన్ని డిగ్రీలుందో కొలుస్తావు. "కొలబద్ద" అని నీకు పేరు పెట్టింది నేనే అయినా, దానితో కాపురం చేస్తున్నది ఆవిడే పాపం.

నీ మీద పుస్తకం వేస్తున్నారనీ, పాత రోజుల గురించి నాలుగు ముక్కలు రాసి పంపమనీ కార్డు వెనక నీ చేత్తో రాశావు. ఎనిమిదో తరగతి రెండుసార్లు తప్పినవాడిచేత పుస్తకంలో రాయించుకుంటున్నావంటే, నీకు వయసు మీద పడిందని అందరికీ తెలిసిపోతుంది. అయినా అడిగావు కాబట్టి రాస్తున్నాను. తర్వాత నన్ననకు.

నువ్వు మొదటిసారి మా గురువుగారి కొట్టుకు వచ్చిన రోజు రాయనా? కాలేజీలో ఆఖరి ఏడు చదువుతున్నావు. మాడిపోయిన మోటారును తువ్వాల్లో చుట్టి, పసిపిల్లను ఆసుపత్రికి తెచ్చినట్టు రెండు చేతులతో తెచ్చావు. "నాలుగు పేజీలు లెక్క చేశానండీ, ఇది కాలకూడదు" అన్నావు. గురువుగారు దాన్ని ముక్కుదాకా తీసుకెళ్లి వాసన చూసి, "నువ్వు లెక్క చేశావు బాబూ, దానికే చదువు రాదు" అన్నారు. నేను బల్ల కింద దూరి నవ్వాను. అదే సమయానికి అక్క నాకు అన్నం క్యారేజీ తెచ్చింది. ఆ తర్వాత నీ మోటార్లు వారానికొకటి చొప్పున మాడడం మొదలుపెట్టాయి. అన్నీ సరిగ్గా మధ్యాహ్నం ఒంటిగంటకే రిపేరుకు వచ్చేవి. ఇది పుస్తకంలో వేస్తారా?

పోనీ ఎగ్జాస్ట్ ఫ్యాను సంగతి వేయించు. రేకుల షెడ్డులో మీ ల్యాబు పెట్టిన కొత్తలో, స్టోర్ కీపరు బల్ల వెనక గోడకున్న పెద్ద ఫ్యానుకు రెండు తీగలు అటుదిటు మార్చానే, అది. గాలి బయటికి లాగాల్సింది లోపలికి ఊదింది. ఆరునెలల స్టోరు చిట్టీలు షెడ్డంతా ఎగిరాయి. ఆయన నడుముకున్న తాళాలగుత్తి గలగలలాడించుకుంటూ వాటి వెంట గెంతడం, నువ్వు వచ్చి గంభీరంగా "ఫేజు మారింది" అనడం. ఎవరు మార్చారో నీకు తెలుసు. నన్ను పట్టివ్వలేదు. అప్పుడే అనుకున్నాను, మా అక్కను ఇవ్వచ్చు వీడికి అని.

అక్కకు చెప్పు, నేను బాగానే ఉన్నాను.

నీ బావమరిది

*

పరిశోధనశాల, మొదటి అంతస్తు,
జూన్ 14

ఒరేయ్ చిచ్చుబుడ్డీ,

నీ ఉత్తరం మీ అక్క చదివి వినిపించింది. క్యారేజీ సంగతి దగ్గర చదవడం ఆపి నావైపు చూసింది. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను.

నవ్వుతూ మొదలుపెట్టాను కానీ, తర్వాత చాలాసేపు కిటికీ దగ్గర నిలబడిపోయాను. ఇక్కడినుంచి చూస్తే పాత షెడ్డు రేకులు కనిపిస్తాయి. వానొస్తే కారే చోట్లన్నిటికీ నువ్వు నంబర్లు వేశావు, గుర్తుందా? "మూడో నంబరు కారుతోంది, బకెట్టు" అని అరిచేవాడివి. అప్పుడు మనం నలుగురం. నేను, నువ్వు, తాళాలాయన, అరువు తెచ్చుకున్న ఒక ఓవెన్. ఓవెన్‌ను కూడా మనిషి కిందే లెక్కేసేవాళ్లం, అలిగేది కాబట్టి. ఇప్పుడు ఈ భవనంలో అరవై మంది పరిశోధకులున్నారు. నేను మెట్లు దిగుతుంటే మాటలు ఆపేస్తారు. మాటలు ఆపేయడమే గౌరవం అనుకునే వయసు వాళ్లది. నాకు మాత్రం, "కొలబద్దగారు వేంచేస్తున్నారు" అని ఎవడైనా అరిస్తే బాగుండనిపిస్తుంది.

సభ జులై ఆఖరి శనివారం. అసలు విషయం కార్డులో లేదు, విను. ఆ రోజు పెద్దమ్మను ఆపుతున్నాం.

అవును, మన పెద్దమ్మనే. నువ్వు తీగ చుట్టి, ఆ తీగ వేడికి మాడకుండా నా వార్నీషు పట్టించి, మామూలు కంటే ఎక్కువ వేడి మీద నడవమని మనం ఒదిలేసిన మోటారు. నాలుగేళ్లలో మాడిపోవాల్సింది, ఇరవై ఆరేళ్లు తిరిగింది. కొత్తగా చేరిన ప్రతివాడూ మొదటిరోజు దాని మీద చెయ్యి పెట్టి మరీ పైకి వస్తాడు. నా పేరు ముందూ వెనకా ఉన్న అక్షరాలన్నీ అది తిరిగి సంపాదించి పెట్టినవే, ఆ సంగతి నీకంటే బాగా ఎవరికి తెలుసు? సభలో అందరి ముందూ దాన్ని విప్పి, ఒక కాయిల్ కోసి, లోపల వార్నీషు ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూపిస్తాం. లిఫ్టు మోటార్లన్నిటికీ నా పద్ధతే వాడాలని నిబంధన రాబోతోంది. దానికి సంతకం పెట్టే కమిటీవాళ్లు కూడా వస్తున్నారు.

స్విచ్ నువ్వే ఆపాలి. కాయిల్ నువ్వే కొయ్యాలి. ఉద్యోగం మానేసి ఇరవై ఏళ్లయినా ఏటా కొట్టు మూసుకుని వచ్చి, దాని బేరింగులు వేరేవాణ్ణి ముట్టుకోనివ్వకుండా నువ్వే మారుస్తున్నావు. అలాంటి అభిమానం ఎవరికుంటుందిరా?

బావ

*

వైండింగ్ కొట్టు,
జూన్ 20

బావా,

నాకు పన్ను పోటు. కింది దవడ, ఎడమ వైపు. జులై ఆఖరికి తగ్గేలా లేదు.

అయినా తిరిగేదాన్ని ఎందుకు ఆపడం? నీ బుద్ధి చిన్నప్పటినుంచీ ఇంతే. బాగా నడుస్తున్న గడియారాన్ని ఎందుకు నడుస్తోందో చూద్దామని విప్పేవాడివట, మీ అమ్మగారు చెప్పేవారు. దాన్ని అలాగే వదిలెయ్యి. దండ వేసి, పక్కన నిలబడి ఫోటో తీయించుకో. కమిటీవాళ్లు కూడా చెయ్యి పెట్టి చూసి, "అబ్బ, వెచ్చగా ఉంది" అని టీ తాగి వెళ్తారు. సంతకం పెట్టడానికి లోపలి పేగులు చూడాలా ఏమిటి?

పుస్తకానికి ఇంకో కథ ఉంది, రాసుకో. మనిద్దరం ఒకే గదిలో ఉన్నప్పుడు మంచం ఒకటే ఉండేది. ఎవరు ముందు నిద్రపోతే వాళ్లది అని ఒప్పందం. నువ్వు చదువుతూ కూర్చునేవాడివి కాబట్టి రోజూ నాదే. నెల తర్వాత నీకు అనుమానం వచ్చి, నేను నిజంగా నిద్రపోయానో లేదో తెలుసుకోవడానికి నా ముక్కు ముందు దూది పెట్టి ఊపిరి లెక్కపెట్టావు. నిమిషానికి ఇరవై రెండు వచ్చింది. నిద్రపోయేవాడికి పదహారు ఉండాలని నన్ను లేపి, నోట్‌బుక్ చూపించి, మంచం దింపేశావు. ఆ రోజే తెలిసింది నాకు, నీ దగ్గర దొంగ నిద్రలు చెల్లవని.

మూడు లారీల పంపు మోటార్లు వచ్చి పడ్డాయి. చాలా పనుంది. రాలేను.

బావమరిది

*

పరిశోధనశాల, మొదటి అంతస్తు,
జూన్ 27

ఒరేయ్,

పోయిన ఏడాది నీకు కింది దవడ ఎడమవైపు పళ్లు పీకించింది మీ అక్క. నేను ఆసుపత్రి బయట కూర్చున్నాను. లేని పన్నుకు పోటు ఎలా వచ్చిందో రాయి.

మూడు లారీల మోటార్లు నీ కొట్టులో పట్టవు. దాని పొడవు వెడల్పులు నేను కొలిచినవే.

నీకు సభలు గిట్టవని తెలుసు, సూటూ బూటూ వాళ్లను చూస్తే నాలుక దురద పెడుతుందనీ తెలుసు. ఏమైనా అనుకో, ఎవరి కుర్చీ కిందైనా ఏమైనా పెట్టుకో, నేను కాస్తాను. కానీ నువ్వు రాకుండా పెద్దమ్మ మీద ఇంకొకడు స్పానరు పెట్టడం నేను చూడలేను. మీ అక్క ఒకటే అంటోంది: "వాడు అబద్ధం ఆడేటప్పుడు ఎక్కువ మాట్లాడతాడు. ఈ ఉత్తరంలో మరీ ఎక్కువ మాట్లాడాడు."

ఏమైందిరా? ఒంట్లో బాగోలేదా? నిజం రాయి.

బావ

*

వైండింగ్ కొట్టు,
జులై 3

బావా,

కూర్చుని చదువు. అక్కను పక్కన ఉండమను. కాదు, నువ్వొక్కడివే చదువుకుని తర్వాత అక్కకు చెప్పు. ఎలాగైనా చేసుకో.

ఆ మోటారు నీ వార్నీషుది కాదు.

అది తిరగడం మొదలై పద్నాలుగో నెల. నువ్వు మొదటి పేపరు చదవడానికి పది రోజులు సముద్రం దాటి వెళ్లావు. వానలు పడుతున్నాయి. తడిసిన మేజోళ్లూ తువ్వాళ్లూ పెద్దమ్మ వెచ్చటి గాలికి ఎదురుగా తాడు కట్టి ఆరేసుకునేవాళ్లం కదా. నువ్వు కూడా ఆరేసేవాడివి, చూడనట్టు. స్టోర్ కీపరు ఆ రోజు కొత్త రెయిన్‌కోటు తెచ్చి, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని బల్ల మీద కాగితం పెట్టాడు. కాగితం పెట్టకపోతే ముట్టుకునేవాణ్ణి కాదు. దాన్ని మడిచి మోటారు వెనక, గాలి పీల్చుకునే జాలీ మూత మీద పెట్టాను. ఆయన షెడ్డంతా వెతుకుతుంటే మూడు గంటలు టీ తాగుతూ చూసి నవ్వుకున్నాను. సాయంత్రం అక్కకు నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. పరిగెత్తాను. కోటు సంగతి మర్చిపోయాను.

అక్క పేరు చెప్పి తప్పించుకోవడం లేదు. ఆ మూడు గంటల్లో ఎప్పుడైనా తీసి ఉండొచ్చు. తీయలేదు, ఇంకా నవ్వు రావాల్సి ఉందని.

పొద్దున నీకు ఆడపిల్ల పుట్టింది. ఆ వార్త చెబుదామని షెడ్డుకు వస్తే బయటికే వాసన కొట్టింది. కోటు జాలీకి అతుక్కుపోయింది, గాలి ఆడలేదు. వేడెక్కితే ఆగిపోయే స్విచ్ మామూలు మోటార్లకు ఉంటుంది, దీనికి నువ్వే తీసేయించావు, పరీక్ష కదా అని. లోపల తీగంతా బొగ్గు.

స్టోర్ కీపరుకు బేరింగు పోయిందని చెప్పాను. ఒక రోజు పట్టింది మాడింది పీకడానికి. రెండు రోజులు చుట్టాను. నీ వార్నీషు డబ్బాలో అడుగున గరిటెడే ఉంది. దాన్ని కలపడం నీ ఒక్కడికే వచ్చు. గురువుగారి కొట్టుకెళ్లి బజారులో దొరికే ఎర్ర డబ్బా వార్నీషు తెచ్చాను. అది ఎక్కువ రోజులు ఆగదని భయం. అందుకని గురువుగారు నేర్పినట్టు చేశాను. ముందు వేడి చేసి ముంచాను. ఆఖరి బుడగ పైకి వచ్చేదాకా బయటికి తీయలేదు. తర్వాత సన్నటి వేడి మీద నాలుగు రోజులు ఓవెన్లో ఉంచాను. నీ పద్ధతిలో పెద్ద వేడి మీద ఆరు గంటలు చాలు, గొప్పంతా అందులోనే ఉంది కదా. గంటల మీటరును ఎనిమిది రోజులు ముందుకు తిప్పాను.

తొమ్మిదో రోజు నువ్వు ఫోను చేశావు. సభంతా లేచి చప్పట్లు కొట్టారన్నావు. కొత్త భవనం ఇస్తామన్నారన్నావు. ఏడుస్తున్నావు, గొంతులో తెలిసింది. తర్వాత "మోటారు ఎలా ఉంది?" అన్నావు. "తిరుగుతోంది బావా" అన్నాను.

రెండు నెలల్లో మాడిపోతుంది, అప్పుడు ఎవరికీ చెప్పాల్సిన పని ఉండదు అనుకున్నాను. మాడలేదు. ఏడాది, రెండేళ్లు. రోజూ దాని చప్పుడు వినలేకే ఉద్యోగం మానేసి కొట్టు పెట్టాను. బేరింగులు నేనే మారుస్తానన్నది అభిమానం కాదు. మూత తీస్తే లోపల ఇటుక రంగు కనిపిస్తుంది. నీది తేనె రంగు.

ఇప్పుడు నువ్వు పదిమంది ముందు దాన్ని కోస్తానంటున్నావు. నీ పక్కన నిలబడి ఆ రంగు నీ కళ్లకు కనిపించే క్షణం చూడలేక పన్ను పోటన్నాను.

*

పరిశోధనశాల, మొదటి అంతస్తు,
జులై 9

మేస్త్రీ గారికి,

మీ ఉత్తరం అందింది. ఈ కింది వివరాలు వెంటనే పంపగలరు.

ముంచే ముందు ఎంత వేడి చేశారు? ముంచిన తర్వాత బుడగలు ఎంతసేపు వచ్చాయి? నాలుగు రోజులూ ఓవెన్ వేడి ఒకేలా ఉందా, మధ్యలో తగ్గించారా? ఎర్ర డబ్బా తయారుచేసినవాళ్ల పేరు, వీలైతే పాత డబ్బా. తీగ మందం మారిందా? చుట్లు ఎన్ని?

గత ఇరవై ఏళ్లలో నా పద్ధతిలో చేసిన మోటార్లు మాడి మీ కొట్టుకు వచ్చాయా? వస్తే ఎన్నేళ్లకు?

ఈ ఆఖరి ప్రశ్నకు హాస్యం లేకుండా జవాబు రాయండి.

డైరెక్టరు

*

వైండింగ్ కొట్టు,
జులై 13

బావా,

నువ్వు నన్ను మీరు అన్నావు. కర్ర తీసుకుని వచ్చి కొట్టినా బాగుండేది.

ముంచే ముందు, చెయ్యి పెట్టి అయిదు అంకెలు లెక్కపెట్టేలోపు తీసేయాల్సినంత వేడి. నీ భాషలో ఎన్ని డిగ్రీలో కొలుచుకో. బుడగలు నలభై నిమిషాలు వచ్చాయి. ఓవెన్ వేడి మొదటి రోజు మరీ తక్కువ, తర్వాత రోజుకు కాస్త పెంచాను. పాత డబ్బా ఒకటి అటక మీద మేకులు పోసుకోవడానికి ఉంచాను, మేకులు తీసేసి పంపుతున్నాను. తీగ అదే. చుట్లు అవే, అరవై నాలుగు. చుట్లలో ఎప్పుడూ దొంగతనం చేయలేదు.

ఆఖరి ప్రశ్న.

వచ్చాయి. ఏటా వస్తూనే ఉన్నాయి. ఆరేళ్లు, ఏడేళ్లకు. ఎక్కువ లిఫ్టులవే. పైకి తేనె రంగులో అద్దంలా మెరుస్తుంటాయి, కోస్తే లోపల వార్నీషు సగం దాకా కూడా దిగి ఉండదు. పెద్ద వేడికి పైపొర గబుక్కున గట్టిపడి లోపలి గాలిని మూసేస్తుంది. గురువుగారు ఉంటే ఒక్క చూపులో చెప్పేవారు. నాకూ తెలుసు. నీకు చెప్పాలంటే మొదట రెయిన్‌కోటు చెప్పాలి. అందుకని చెప్పలేదు. వాటిని చుట్టి, నా ఇల్లు గడుపుకున్నాను.

ఒక లిఫ్టు మధ్యలో ఆగితే ముసలాయన ఒకడు రెండు గంటలు అందులో ఇరుక్కున్నాడట, ఆ మోటారు తెచ్చినవాడు చెప్పాడు. ఏమీ కాలేదు, బయటికి తీశారు. ఆ వారం నేను అన్నం సరిగ్గా తినలేదు. మళ్లీ తినడం మొదలుపెట్టాను. హాస్యం లేకుండా రాయమన్నావు. రాశాను.

*

ఇంటి వరండా,
ఆగస్టు 2

బావమరిదీ,

సభ అయిపోయింది. నువ్వు రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది, ఆ రోజు మాత్రం రాకపోవడమే మంచిదయింది. నిన్ను చూస్తే నేను ఏం చేసేవాణ్ణో.

జరిగింది రాస్తాను. నీ ఉత్తరం వచ్చాక నా బీరువాలో ఒక ఫైలు తీశాను. నా పద్ధతిలో చేసిన మోటార్లు త్వరగా మాడుతున్నాయని ఫ్యాక్టరీలు రాసిన ఉత్తరాలు నలభై ఒకటి. వాటికి నేను రాసిన జవాబులూ నలభై ఒకటి. అన్నిటిలోనూ ఒకటే మాట: "లోపం వార్నీషులో లేదు, మీ పనివాళ్ల చేతుల్లో ఉంది. నా మోటారు వచ్చి చూడండి." ఒక్కసారైనా ఒక మాడిన మోటారు తెప్పించి కోసి చూడలేదురా. నీ ఊపిరి లెక్కపెట్టిన తెలివి ఎటుపోయింది? కింది అంతస్తులో పెద్దమ్మ తిరుగుతుంటే నాకు చూడాల్సిన అవసరం కనిపించలేదు. నువ్వు దాచింది ఒక రెయిన్‌కోటు. నేను ఈ ఫైలు మీద ఇరవై ఏళ్లు కూర్చున్నాను.

శనివారం స్విచ్ నేనే ఆపాను. ఆ చప్పుడు ఆగాక తెలిసింది, ఇన్నాళ్లూ దాన్నే నిశ్శబ్దం అనుకున్నామని. మూత తీసి, కాయిల్ కోసి, ఇటుక రంగు ముక్క పళ్లెంలో పెట్టి ముందు వరుసలో తిప్పాను. అది ఎలా వచ్చిందో చెప్పాను. నీ పేరు చెప్పలేదు, ఫైలు తొక్కిపెట్టిన నా పేరే చెప్పాను. కమిటీ పెద్ద సంతకం పెట్టాల్సిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇవ్వాల్సిన పతకం ఇవ్వలేదు, నేను అడగలేదు. పుస్తకాలు కట్టలు విప్పకుండా స్టోరులోనే ఉన్నాయి. ఇంటికొచ్చి మీ అక్క చెప్పులు విడుస్తూ, "నా పురిటి రోజు మీరిద్దరూ కలిసి ఇంత పని చేశారన్నమాట. వాణ్ణి తిట్టడం నా వంతు, మీరు ఇక ఆపండి" అంది. అందుకే ఈ ఉత్తరం.

ఆ నలభై ఒకటిలో మూడు ఉత్తరాలు ఒకే మనిషివి. లిఫ్టు మోటార్ల ఫ్యాక్టరీలో వైండింగ్ ఫోర్‌మన్. ముత్యాల్లాంటి రాత. "ఓవెన్లో గంటలు కాదు, రోజులు ఉంచనివ్వండి, సన్నటి వేడి మీద" అని అడిగాడు. నేను ఆయనకు జవాబివ్వకుండా ఆయన మేనేజరుకు రాశాను. ఆయన్ను ఆ పనిలోంచి తీసేశారు. సోమవారం చిరునామా పట్టుకుని వెళ్లాను.

రెండో అంతస్తు, ఇరుకు మెట్లు. నేల మీద పేపరు పరిచి టేబుల్ ఫ్యాను బాగుచేసుకుంటున్నాడు. డెబ్బై ఉంటాయి.

"ఎవరండీ?"

"మీ ఉద్యోగం తీయించిన ఉత్తరం రాసింది నేనే."

కళ్లజోడు పైకి తోసుకుని చూశాడు. "ఆ కుర్చీ కాలు ఊగుతుంది. ఇటు కూర్చోండి" అన్నాడు.

మొత్తం చెప్పాను. కోటు, ఎర్ర డబ్బా, ఫైలు. ఆయన చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉంది. చివరికి అడిగాడు:

"ఎన్ని రోజులు ఉంచాడు ఓవెన్లో?"

"నాలుగు."

"మొదటి రోజు తక్కువ వేడా?"

"అవును."

"నేను మూడే అడిగాను" అన్నాడు.

ఆయన ఫ్యాను రెక్క బిగించి, చేత్తో తిప్పి చూసి, "ఆ కుర్రాడెవరు? చెయ్యి మంచిది" అన్నాడు. కుర్రాడికి యాభై రెండేళ్లని చెప్పాను.

నాకు ఆరు నెలలు జీతం లేకుండా పాత షెడ్డు వాడుకోవడానికి అనుమతిచ్చారు. రెండు మోటార్లు, రెండు వార్నీషులు, రెండింటినీ మీ గురువుగారి పద్ధతిలోనే చేసి, పెద్దమ్మ తిరిగిన చోట తిరగనిస్తాం. తేడా వార్నీషులో ఉందా ఓపికలో ఉందా తేలాలి. తేలేసరికి నేనుండను, నువ్వు కూడా ఉంటావని నమ్మకం లేదు. అయినా మొదలుపెట్టాలి. రాస్తావో వస్తావో నీ ఇష్టం. ఒకటి మాత్రం చెయ్యి. ఆయన చిరునామా ఈ కాగితం వెనక ఉంది. నా తప్పు నేను చెప్పుకున్నాను. నీది నేను చెప్పడం సరిపోదు.

బావ

*

వైండింగ్ కొట్టు,
ఆగస్టు 7

ఫోర్‌మన్ గారికి నమస్కారం.

మా బావ మీకు చెప్పిన ఆ రెయిన్‌కోటు మనిషిని నేను. మీరు నన్నెరగరు. నేను మాత్రం మీ చేతిపని ఎరుగుదును. మీ ఫ్యాక్టరీ మోటార్లు మాడి నా కొట్టుకు వచ్చినప్పుడు విప్పేవాణ్ణి. ఫలానా ఏడాది వరకు వచ్చినవాటిలో కాయిల్ చివర దారం ముడులు పొందిగ్గా, అన్నీ ఒకే వైపు తిరిగి, దువ్విన జడలా ఉండేవి. ఆ తర్వాత వచ్చినవాటిలో అలా లేవు. ఎవరో మంచి మేస్త్రీ మానేశాడు అనుకుని పని చేసుకున్నాను. ఎందుకు మానేశాడో ఆలోచించలేదు. ఆలోచిస్తే దారి తిరిగి నా దగ్గరికే వచ్చేదని లోపల ఎక్కడో తెలుసేమో.

నాకు నవ్వించడం వచ్చు, మోటారు చుట్టడం వచ్చు. క్షమించమని అడగడం చేతకాదు, ఎప్పుడూ అలవాటు చేసుకోలేదు. ఇది నాలుగోసారి రాస్తున్న కాగితం. మొదటి మూడింటిలోనూ ఎక్కడో ఒకచోట వేళాకోళం దూరింది. ఇందులో కూడా ఉంటే కొట్టేసి చదువుకోండి.

మీరు సరిగ్గానే చెప్పారు, అది నాకు తెలుసు, నేను నోరు విప్పలేదు. మీ పని పోయింది. ఇంతకుమించి నాకు రాయడం రాదు.

మీ ఇంటికి వచ్చి ఎదురుగా నిలబడమంటే వస్తాను. పై సోమవారం నుంచి షెడ్డులో మా బావకు రెండు మోటార్లు చుడుతున్నాను. బుడగలు ఆగాయా లేదా అని చూసే కన్ను నాకంటే పెద్దది ఒకటి పక్కన ఉంటే బాగుండునని ఉంది. అడిగే అర్హత లేదు. అడుగుతున్నాను.

*

రెండో అంతస్తు, వెనక వాటా,
ఆగస్టు 11

అబ్బాయికి,

కార్డు మీద రాస్తున్నాను, ఎక్కువ చోటు లేదు.

నీ ఉత్తరం చదివాను. రెండుసార్లు చదివాను. కోపం ఉంది. అది పోయేదాకా ఆగితే మోటార్లు చుట్టేవాళ్లెవరు?

సోమవారం పొద్దున్నే వస్తాను. నేను వచ్చేసరికి ఓవెన్ సన్నటి వేడి మీద ఉండాలి.